కుడి చక్రం మీద మా అక్క

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తూ నంద్యాల బస్టాండు దగ్గర ఏడుగురు పట్టే ఆటో ఎక్కాను. ఏడుగురు పట్టేదంటే పన్నెండు మంది ఎక్కేదని అర్థం. ఒక ఉల్లిగడ్డల సంచి, ఒక కోడిపుంజు, ఏదో పెళ్ళి నుంచి తిరిగొస్తున్న ఇద్దరు లావుపాటి వియ్యపురాళ్ళు, ఈ బరువంతా వెనకనే. డ్రైవరు క్లచ్చి వదలగానే ఆటో ముందుకు పోవడం మాని ముక్కు పైకెత్తింది. వెనక దడదడా కొట్టుకుని, ఆ తర్వాతే కదిలింది. అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. పుంజు మనిషి తిట్టినట్టే అరిచింది. నేను ఆలోచించకుండానే, "కుడి పక్క కమాన్ కట్ట వదులైనట్టుండాది నాయనా, ముందర సగానికి క్లాంపు బిగించుకో, ఎగరదు" అన్నాను. డ్రైవరు అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు. తెల్లచీర, ఒళ్ళో పాటల పుస్తకం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. "అవ్వా, నీకెట్ల తెలుసు?" అన్నాడు. ఇల్లు వచ్చేలోపల చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఇక్కడైతే చెప్పవచ్చు. నాకెట్లా తెలుసంటే, మా అక్కను చూసి ఓర్వలేక తెలుసు.

అక్క నాకంటే కొంచెమే పెద్ద. మా నాయన మిడుతూరు పక్క పల్లెల్లో పగలు బడి పంతులు, సాయంత్రం వాక్యం చెప్పేవాడు. అమ్మ మంచం పట్టినప్పుడు, ఇద్దరు ఆడపిల్లల్లో ఒకర్ని హాస్టల్లో వేసి, ఒకర్ని ఇంట్లో ఉంచుకోవలసి వచ్చింది. హాస్టలుకు పోయింది అక్క, ఇంట్లో మిగిలింది నేను. నేను పిండి విసురుతుంటే నాయన తిరగలి పక్కన కూర్చుని, రాలిన పిండిలోనే వేలుతో అక్షరాలు దిద్దించాడు. ఎక్కాలు, కీర్తనలు, పద్యాలు, ఉత్తరం రాసే పద్ధతి, అన్నీ ఆ తిరగలి దగ్గరే వచ్చాయి. ఆ అక్షరాలతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, దేవునికి స్తోత్రం. కానీ సెలవులకు అక్క ఇంటికి వచ్చేటప్పుడు ఆమె వెంట ఒక రేకుపెట్టె వచ్చేది. దానికి తాళం ఉండేది. మూత మీద తెల్లరంగుతో అక్క పేరు ఉండేది. తెరిస్తే సబ్బు వాసన వచ్చేది. నా పేరు రాసిన వస్తువు మా ఇంట్లో ఒక్కటీ లేదు. అప్పుడు మొదలైంది నాకు ఆ మంట. కడుపులో కాదు, గొంతు కింద, మిరపకాయ విత్తు ఇరుక్కున్నట్టు. నీళ్ళు తాగితే పోదు. ప్రార్థన చేస్తే ఒక గంట పోతుంది.

పెళ్ళిళ్ళు కూడా ఆ తీరుగానే జరిగాయి. అక్కను ఆళ్ళగడ్డలో ఇచ్చారు. భూమి ఉన్న ఇల్లు, సున్నం కొట్టిన మిద్దె, వాకిట్లో జీపు. నన్ను నంద్యాలలో ఇచ్చారు. మా ఆయన బస్టాండు వెనక వేరొకాయన షెడ్డులో కమాన్ కట్టల పని చేసేవాడు. జీపులకూ లారీలకూ ఇరుసు మీద, ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగు ఉంటుంది, అదే కమాన్ కట్ట. వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి, మళ్ళీ వంపు తెచ్చేది ఆయన. మంచి మనిషి. తాగడు, అరవడు, ఆదివారం పని ముట్టడు. అటువంటి మనిషిని ఇచ్చినందుకు నేను మోకరించని రోజు లేదు. అయితే పట్టీ కొట్టేది ఈయన, పేరు షెడ్డుది. బండి బాగుపడితే జనం షెడ్డు యజమాని పేరు చెప్పుకునేవాళ్ళు. సొంత షెడ్డు పెట్టుకోవాలని ఆయనకు ఒకటే కోరిక. దానికి రేకులూ కొలిమీ ఉంటే చాలదు. జీపులున్న ఆసాములు ఆయన పేరు నోటితో చెప్పి, వెతుక్కుంటూ రావాలి. ఆ పేరు ఎట్లా వస్తుందా అని ఆయన ఎదురుచూస్తుండేవాడు. ఆయన కంటే నేను ఎక్కువ ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే అక్క ఇంటి ముందర జీపు ఉంది, మా ఇంటి ముందర ఏమీ లేదు.

డెబ్భైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులు. ఆళ్ళగడ్డ దిక్కున పంటలు ఇంటికి చేరాక ఎద్దుల చేత బండ లాగించే పందేలు జరిగేవి. అవి ముగిసిన మైదానంలోనే జీపులున్న ఆసాములు కొందరు జీపులకు కూడా పందెం పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండు జీపులను గీత మీద నిలబెడతారు. తువ్వాలు ఊపగానే, అవతల పాతిన కొయ్య దాకా ఎవరిది ముందు పోతే వాళ్ళది గెలుపు. ముందు చక్రాలకు గేరు వేయకూడదు, వెనక చక్రాలే తోయాలి. డ్రైవరు కాక వెనక ఇంకొక మనిషి కూర్చోవాలి. ఎందుకంటే ఆ ఊళ్ళల్లో పెద్దమనిషి జీపు ఒంటరిగా పోవడం చిన్నతనం, పందెంలోనైనా సరే. మా బావ రెండేళ్ళు వరుసగా ఉయ్యాలవాడ పెద్దాయన జీపు చేతిలో ఓడిపోయాడు. ఓడింది పరుగులో కాదు, గీత దగ్గరే. బావ క్లచ్చి వదిలితే జీపు వెనక భాగం కప్పలా గెంతేది, కుడి చక్రం నేల విడిచి ఊరికే తిరిగేది, ఆ మట్టి అంతా వెనక నిలబడినవాళ్ళ మొహాన పడేది. బండి నిలదొక్కుకునేలోపల ఉయ్యాలవాడ జీపు సగం దూరం పోయేది. మూడో ఏడు ఎండాకాలం బావ మనిషిని పంపాడు. "షడ్డకుడు కమాన్ పనిలో గట్టివాడంట గదా, వచ్చి చూడమను" అని. మా ఆయన ఆ రోజు అన్నం సగంలో వదిలేసి సంచి సర్దుకున్నాడు. నేను కూడా పిల్లలను తీసుకుని బస్సెక్కాను.

జీపుకు ఏం జబ్బో మా ఆయన మొదటి రోజే అక్క వంటింట్లో అందరికీ జొన్నరొట్టెలతో చెప్పాడు. వేడి రొట్టెలు నాలుగు పేర్చి, రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇదిగో కట్ట. ఇంజను ఒక్కసారి గుంజితే ఇరుసు గిర్రున తిరగబోతాది. తిరగనీకి దోవ ల్యాక కట్ట ఇట్ల పాములా వంకర పోతాది. మళ్ళా పట్టుమని విదిలించుకుంటాది. అదే గెంతడం." రొట్టెల ముందరి సగాన్ని వేళ్ళతో నొక్కి పట్టాడు. "ముందర సగం ఇట్ల బిగించి కట్టేస్తే వంకర పోదు. వెనక సగం వదులుగా ఉంటే కూర్చుంటాది." బావ ఆ రొట్టెల్లో ఒకటి తీసుకుని కారం నంజుకుని తిన్నాడు. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. రొట్టెల వైపే చూస్తూ, "అయితే ఎగిరేది కుడిదే ఎందుకు? రెండూ ఎగరల్ల గదా?" అని అడిగింది. మా ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వైపు ఆయన అట్లా చూసింది రెండు మూడు సార్లు. "అదీ అడగాల్సిన మాట వదినా" అన్నాడు. ఇంజను తిరిగే తీరుకు కుడి పక్క తేలిపోతుందట. పైగా ఆ పాత జీపుకు స్టీరింగు ఎడమ పక్కన ఉండటంతో డ్రైవరు బరువు కూడా ఎడమకే పడుతుందట. నాకు గొంతు కింద విత్తు ఇరుక్కుంది.

మరుసటి రోజు నుంచి కళ్ళం పక్కన చదునులో పని మొదలైంది. మా ఆయన పద్ధతి ఒకటుంది. బండి బయటి నుంచి చూస్తే సగమే తెలుస్తుందనేవాడు. క్లచ్చి వదిలిన క్షణంలో ఏ చక్రం ముందు కదిలింది, ఏది ఎగిరింది, దెబ్బ ఎక్కడ తగిలింది, ఇవి వెనక చక్రం మీద కూర్చున్న మనిషి నడుముకే తెలుస్తాయి. అందుకని బావ జీపు తోలుతుంటే వెనక కుడిమూల ఒకర్ని కూర్చోబెట్టి, దిగాక అడిగేవాడు. జీతగాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. బావ డ్రైవరుగా ఉన్నాడు కాబట్టి అందరిదీ ఒకటే జవాబు: "బలే ఉండాదన్నా." గెంతినప్పుడు తల కమ్మీకి తగిలి బొప్పి కట్టినవాడు కూడా బొప్పి తడుముకుంటూ అదే అన్నాడు. మా ఆయన విసిగి నన్ను పిలిచాడు. "మే, నువ్వు రా. నువ్వు అబద్ధం చెప్పవు." ఆ మాటకు పొంగిపోయి ఎక్కాను. కొంగు బిగించి, కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. జీపు దూకింది. ఆగింది. మా ఆయన పరుగున వచ్చి, "ఎట్లుండాది?" అన్నాడు. "దేవుని దయవల్ల ఏం కాలేదు" అన్నాను. "దయ సంగతి కాదుమే, ఏ చక్రం ఎగిరింది?" "ఏదో నేను చూడలేదు, కళ్ళు మూసుకున్యా." బావ స్టీరింగు మీద తలపెట్టి నవ్వాడు. "ఏమప్పా, నీ పెండ్లాన్ని కూర్చోబెడితే జీపుకు మోక్షం వస్తాదేమో గానీ పందెం రాదు" అన్నాడు.

అప్పుడు అక్క వచ్చి, అరుగు దిగినంత తేలిగ్గా ఆ మూల ఎక్కి కూర్చుంది. జీపు దూకి ఆగాక, ఎవరూ అడగకముందే చెప్పింది. "ముందు ఒక గుంజు. తర్వాత కుడిది తేలింది. తేలి కిందపడి మళ్ళా తేలింది. రెండోసారి దెబ్బ తుంటికి గాదు, వీపుకు తగిలింది." మా ఆయన నేల మీద చతికిలబడి, పుల్లతో మట్టిలో గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి అక్కే వెనక కూర్చునేది. మా ఆయన కట్ట ముందరి సగానికి క్లాంపులు బిగించేవాడు, ఒకటి తీసేవాడు, ఒకటి జరిపేవాడు. కుడికట్టలో ఒక పట్టీ ఎక్కువ వేశాడు. ముందు చక్రాల దగ్గర గట్టిగా ఉన్న షాకబ్జర్లు విప్పి, అరిగిపోయిన పాతవి వేశాడు. ముక్కు సులువుగా పైకి లేస్తే బరువు వెనక్కి పోయి చక్రాలను నేలకు నొక్కుతుందట. ప్రతి మార్పుకూ ఒక దూకుడు, ప్రతి దూకుడుకూ అక్క మాట. "వదినా, కొంచెం ఇటు జరగండి." "వదినా, ఇప్పుడు?" "తేలింది గానీ నిన్నంత లేదు మరిదీ." ఆయన నన్ను 'మే' అంటాడు, అక్కను 'మీరు' అంటాడు. మరదలి వరస కాదు, వదిన వరస కాబట్టి అది మర్యాదే, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చెవి ఎక్కడ ఊరుకుంటుంది? నేను అక్క వంటింట్లో కూర్చుని, అక్క ఇంటి జొన్నపిండి పిసుకుతూ, కళ్ళం వైపు నుంచి వచ్చే ఇంజను రొద వినేదాన్ని. రొద ఆగగానే వాళ్ళిద్దరి మాటలు వినిపించేవి. అట్లా విని విని, ఏ దెబ్బకు ఏ క్లాంపు జరపాలో రొట్టె కాలుస్తూనే నేర్చుకున్నాను. ఓర్వలేనితనం కూడా ఒక బడే అనుకుంటాను. ఫీజు లేదు, సెలవులు కూడా లేవు.

ఒకరోజు పెనం దించి కూర్చున్నాను. అక్క చీరకు అంటిన మట్టి దులుపుకుంటూ వచ్చింది. "ఏమ్మే, మొగం అట్ల పెట్టుకున్యావు?" అంది. "ఏం లేదక్కా, పొగ." "పొయ్యి ఆరి శానాసేపయింది గదమే, పొగ యాడిది?" నేను మాట మార్చి, జీపు ఎట్లా ఉందని అడిగాను. అక్క పీట లాక్కుని కూర్చుని, నా చేతిలో చెయ్యి వేసి, "నీ మొగుడు మామూలోడు గాదుమే" అంది. నిజంగా సంతోషంతోనే అంది. ఆ మాట ఇంకెవరి నోటి నుంచి వచ్చినా నేను ఏడ్చేదాన్ని. అక్క నోటి నుంచి వచ్చేసరికి, నాకు తెలియని నా మొగుడిని ఆమె కనిపెట్టి నాకు చూపిస్తున్నట్టు అనిపించింది.

పందెం దగ్గర పడేసరికి ఇంకో చిక్కు వచ్చింది. కట్టలన్నీ అక్క బరువుకు సరిపడా కుదిరాయి. పందెంలో ఆడమనిషి కూర్చోవడం కుదరదు. కాబట్టి అక్క అంత బరువున్న మగమనిషి కావాలి. బావ వేరుశనగ మూటలు తూచే పెద్ద కాటా వేలాడదీయించాడు. ఒక తట్టలో అక్క కూర్చుంది. రెండో తట్టలోకి ఒక్కొక్క మగవాడూ ఎక్కడం, ముల్లు ఇటో అటో వాలడం, దిగడం. పిల్లలు చప్పట్లు. ఒకాయన కొంచెం తక్కువైతే, "చొక్కా జేబులో రాళ్ళు ఎయ్యండప్పా" అని అక్కే సలహా ఇచ్చింది. చివరికి వాళ్ళ చర్చిలో గంట కొట్టే ఆయన సరిగ్గా సరిపోయాడు. ఆయన సిగ్గుతో తల దించుకుని దిగాడు. అందరూ నవ్వుతుంటే నేను కూడా నవ్వాను గానీ లోపల ఇంకో మాట తిరుగుతూ ఉంది. నా బరువుకు సరితూగే మనిషి కోసం ఏనాడైనా ఎవరైనా వెతికారా?

ఆ దినాల్లో నాకు ప్రార్థన కుదరలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటాను, మాట రాదు. జీపు గెలిస్తే దండ బావ మెడలో, అక్క ఇంటి ముందర బాజాలు. ఓడితే మా ఆయనకు రావాల్సిన పేరు మొదట్లోనే మట్టి. ఒకటి అడిగితే అక్కకు పోతుంది, రెండోది అడిగితే నా ఇల్లు కూలుతుంది. చివరికి "ప్రభువా, నీ చిత్తం" అని లేచేదాన్ని. ఆ మూడు మాటల్లో అంత ఓర్వలేనితనం పట్టించవచ్చని అంతకుముందు నాకు తెలియదు.

పందెం నాడు ఎండ నిప్పు రాల్చింది. ఆడవాళ్ళం ట్రాక్టరు ట్రాలీలో నిలబడి, తలల మీద తడిగుడ్డలు వేసుకుని చూశాం. చుట్టూ ఎద్దుల పేడ వాసన, పెట్రోలు వాసన, బఠానీలు వేయించే ఇసుక వాసన. చిల్లర జీపులన్నీ వెనకబడ్డాక చివరికి గీత మీద రెండే నిలిచాయి, మా బావది, ఉయ్యాలవాడ పెద్దాయనది. మా ఆయన గీత పక్కన బాసిపట్టు వేసుకుని నేల మీద కూర్చుని, జీపును కాక కుడి వెనక చక్రాన్ని చూస్తున్నాడు. తువ్వాలు ఊగింది. ఉయ్యాలవాడ జీపు గెంతింది, దడదడమంది, మట్టి చిమ్మింది. మా బావ జీపు గెంతలేదు. బండ లాగే ఎద్దు వెనక కాళ్ళు వంచి తొడలు దించినట్టు వెనక్కి కూర్చుంది, ముక్కు లేపింది, పోయింది. అంతే. చప్పుడు కూడా పెద్దగా లేదు. కొయ్య దగ్గరికి పోయేసరికి ఉయ్యాలవాడ జీపు బాగా దగ్గరకు వచ్చింది. వాళ్ళ ఇంజను పెద్దది. కానీ గీత దగ్గర వచ్చిన తేడా చాలింది. నాకు తెలియకుండానే "స్తోత్రం" అని గట్టిగా అన్నాను. ఆ ఒక్క నిమిషం నా గొంతు కింద ఏమీ లేదు. దండ తెచ్చి బావ మెడలో వేసినప్పుడు మళ్ళీ వచ్చింది. గంట కొట్టే ఆయన మెడలో కూడా ఒకటి పడింది. మా ఆయన జీపు కిందికి దూరి ఏదో తడిమి చూసుకుంటున్నాడు.

ఓడినవాళ్ళు సాయంత్రం గెలిచినవాళ్ళ ఇంటికి వచ్చి మజ్జిగ తాగి పోవడం అక్కడి పద్ధతి. మనసులో ఏమీ పెట్టుకోలేదని అందరికీ తెలియడానికి. ఉయ్యాలవాడ పెద్దాయన తన మనుషులతో వచ్చి వసారాలో కూర్చున్నాడు. బావ దండతోనే ఉన్నాడు. మా ఆయన స్తంభం పక్కన నిలబడి గోళ్ళలో గ్రీజు గీక్కుంటున్నాడు. నేను తలుపు వెనక. కాసేపు వానల గురించి, శనగ ధర గురించి మాట్లాడుకున్నాక పెద్దాయన అడిగాడు. "జీపు ఎవరి చేత కట్టిచ్చినావప్పా? పోయినేడు ఇట్ల ల్యాకుండె గదా." మా ఆయన చేయి గోటి మీద ఆగింది. బావ మీసం తుడుచుకుని, "ఏముందన్నా, మనింట్లోనే చేసుకున్యాం" అన్నాడు.

బావ మీద నాకు కోపం లేదు. ఆయన అబద్ధం ఆడలేదు, దాచుకోనూ లేదు. ఆ ఇళ్ళల్లో బంధువు చేసిన పని ఇంటి పని. దానికి పేరు పెట్టి చెప్పడం అంటే అతన్ని కూలివాడిని చేసినట్టు. బావ మా ఆయనకు మర్యాదే చేశాననుకున్నాడు. మా ఆయన నోరు తెరవడు. అన్న వరస మనిషి ఇంట్లో తిని, ఆ పని నాదని చెప్పుకోవడం ఆయనకు చచ్చినా చేతకాదు. ఇంక మిగిలింది నేను. మాట నా నాలుక మీదే ఉంది. 'మా ఆయనే కట్టినాడు.' మూడంటే మూడు మాటలు. అవి పళ్ళ దాకా వచ్చాయి. నా ఇల్లు కాదు ఇది, అక్క ఇల్లు. పరాయి మగవాళ్ళు కూర్చున్నారు. బావ మాటకు అడ్డం పోవడం. ఇట్లా ఒక్కొక్కటీ అనుకుంటుండగానే పెద్దాయన "అట్లనా" అని లేవబోయాడు.

అక్క మజ్జిగ చెంబుతో నన్ను దాటుకుని గడప మీదికి పోయింది. "ఈయన చెప్పేది అట్ల గాదు పెద్దాయనా. కట్టింది మా మరిది, ఆ స్తంభం కాడ నిలబడిన ఆయప్ప" అని మా ఆయన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. "నంద్యాలలో బస్టాండు వెనక ఉంటాడు. మీ జీపుకు కుడి చక్రం తేలుతాంది, నేను ట్రాలీలో నుంచి చూసినా. ఆయప్పకు చూపిచ్చండి. వచ్చే ఏడు మీరే ముందర పోతారు."

పెద్దాయన మళ్ళీ కూర్చున్నాడు. మా ఆయన వైపు చూశాడు, తర్వాత అక్క వైపు. "అట్లయితే మీ జీపు ఓడిపోతాది గదా తల్లీ" అన్నాడు.

"ఓడిపోనీలెండి. మేమే గెలుస్తా ఉంటే చూసేటోళ్ళకు ఏం సరదా? ఇంగ కొంచెం పోయనా మజ్జిగ?"

వసారాలో అందరూ నవ్వారు. బావ నవ్వడానికి కొంచెం టైం పట్టింది. ఆ రాత్రి, ఆ మర్నాడు కూడా ఆయన అక్కతో మాట్లాడలేదు. అక్క ఏమీ పట్టనట్టు ఆయన కంచంలో అన్నం పెట్టింది, నెయ్యి కొంచెం ఎక్కువే వేసింది. మేము బస్సుకు బయలుదేరేటప్పుడు అడిగాను, "ఎందుకన్యావక్కా ఆ మాట? వచ్చే ఏడు బావ పందెం పోగొట్టినావు గదా." అక్క నా చిన్నదాని జడ సరిచేస్తూ, "వెనక కూర్చున్యది నేను గదమే. జరిగింది జరిగినట్టు చెప్పినా" అంది. అంతే. అందులో గొప్ప ఏముందన్నట్టు అంది.

ఆ ఏడు తొలకరికి ముందే ఉయ్యాలవాడ జీపు నంద్యాలకు వచ్చింది. వచ్చి షెడ్డు పేరు చెప్పలేదు, మా ఆయన పేరు చెప్పి అడిగింది. తర్వాత జూపాడు బంగ్లా నుంచి ఒకటి వచ్చింది, కోవెలకుంట్ల నుంచి రెండు వచ్చాయి. మరుసటి ఎండాకాలం ఉయ్యాలవాడ పెద్దాయన గెలిచాడు, బావ ఓడాడు. బావ నెల రోజులు మా గడప తొక్కలేదు. తర్వాత ఒక పొద్దున జీపు తోలుకుని వచ్చి, "ఈసారి ఆ పెద్దాయన జీపుకంటే గట్టిగా కట్టప్పా, నీ వదిన చెవిన మాత్రం పడనీయొద్దు" అన్నాడు. ఆ తరువాతి ఏడాదే మా ఆయన సొంత షెడ్డు లేచింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. కొలిమి మొదటిసారి రాజేసినప్పుడు అక్కా బావా పక్కనే ఉన్నారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఈ రోజు నేను కూర్చున్న ఈ ఇల్లు, అన్నీ ఆ షెడ్డులోంచి వచ్చినవే. షెడ్డు వచ్చింది అక్క అన్న ఒక్క మాటలోంచి. అందుకు దేవునికి, అక్కకు, ఏనాడూ కృతజ్ఞత తప్పలేదు.

అయినా నిజం చెప్పాలంటే, అక్క రేకుపెట్టె మీద, మిద్దె మీద, జీపు మీద ఉన్న మంట ఎప్పుడో చల్లారిపోయింది. ఆ మాట మీద ఉన్నది మాత్రం చల్లారలేదు. నా మొగుడి పేరు నలుగురిలో చెప్పే భాగ్యం నాకు అంత దగ్గరగా వచ్చి, మజ్జిగ చెంబు పట్టుకున్న మా అక్కకు దక్కింది. ఇప్పుడు మా ఆయన లేడు, బావ లేడు, ఆ మైదానంలో ఇళ్ళు వచ్చాయి. అక్క ఉంది. ఫోన్‌లో గొంతు ఇంకా కంచులా మోగుతుంది, నాకేమో చెవులు సరిగా వినపడవు, అదొక కొత్త అసూయ. దేవుడు ఆ సాయంత్రాన్ని తిరిగి నా చేతికి ఇచ్చి, ఈసారి నువ్వు చెప్పుకో అంటే, తలుపు వెనక నుంచి గడప దాకా నేను నడిచి ఉండేదాన్నా అని ఒక్కోసారి కూర్చుని ఆలోచిస్తాను. ఇన్నేళ్ళ కాలం నాకు చాలానే ఇచ్చింది గానీ, ఈ ఒక్కదానికి మాత్రం జవాబు ఇవ్వకుండానే గడిచిపోతూ ఉంది.